ఆవకాయ డబ్బాల మీది చీటీ

చిరంజీవి కెప్టెన్ ఉమామహేశ్వర్‌కు, నీ తెలుగు మాస్టారు జనార్ధనరావు ఆశీర్వదించి వ్రాయునది:

ఉత్తరానికి కుడివైపున ఊరు, తేదీ లేకపోతే బడిలో రెండు మార్కులు కోసేవాణ్ణి. సైన్యపు నిబంధన వల్ల నువ్వు ఆ రెండూ మానేశావు. నీ గౌరవార్థం నేనూ మానేశాను.

మత్తుమందుల రవాణాను అరికట్టడానికి మీ దళానికి కొత్త జీపులు, వైర్‌లెస్ సెట్లు వచ్చాయనీ, సరిహద్దు చెక్‌పోస్టు నీకు అప్పగించారనీ చదివి పొంగిపోయాను. ఉప్పల్ గ్రంథాలయంలో నీ ఉత్తరాన్ని నలుగురికీ చదివి వినిపించాను. ‘నిధులు మంజూరు చేయబడ్డాయి’ అన్నావు. ‘ప్రభుత్వం నిధులు మంజూరు చేసింది’ అనాలి. చదివేటప్పుడు నేనే సవరించాను.

నీ తెలుగు జవాన్లు ఆవకాయకు మొహం వాచి ఉన్నారన్న చోట దామోదర్ అనే ఆయన లేచాడు. నాచారంలో మూతబడ్డ రంగుల కంపెనీని తీసుకొని పచ్చళ్ళు పెడుతున్నాడట. “సార్, గా పోరగాండ్లకు పచ్చడి మేం పంపుతం. మీ శేతుల మీద చీటీ రాసియ్యిన్రి, లారీని యాడ ఆపకుంట. కెప్టెన్ సాబ్ మీ శిష్యుడేనాయె!” అని నాకు శాలువా కప్పాడు.

పదవీ విరమణ తరువాత నా చేతివ్రాతను ఎవరూ అడగలేదు నాయనా. నలభై చీటీలు వ్రాశాను: ‘నా శిష్యుడు కెప్టెన్ ఉమామహేశ్వర్ జవాన్లకు గురువు కానుక. దయచేసి ఆపవద్దు.’

ఆశీస్సులతో,
జనార్ధనరావు

*

పూజ్యులైన మాస్టారికి నమస్కారాలు.

ఆవకాయ అందింది. కొమురెల్లి అని మన జనగామ పిల్లవాడు డబ్బా మూత తీసి, “సార్, మా అమ్మ యాదికొస్తుంది” అని ఏడ్చేశాడు. మీ చీటీని భోజనశాల గోడకు అంటించాం.

కానీ మాస్టారూ, చీటీలు నలభై అన్నారు. మాకు చేరినవి రెండే డబ్బాలు. తక్కినవి ఎటు పోయాయి?

ఇక్కడ మేము వెతికేది తెల్లపొడి ఒక్కటే కాదు. సరిహద్దు అవతల నల్లమందును ఆ పొడిగా మార్చడానికి ఒక ద్రవం కావాలి. ముక్కు పగిలే పులుపు వాసన. మన ఫ్యాక్టరీల నుంచే దొంగతనంగా వస్తోంది. వచ్చే పక్షం నుంచి ప్రతి లారీనీ విప్పించబోతున్నాను.

దయచేసి ఇక చీటీలు వ్రాయకండి. ఈ ఉత్తరాన్ని గ్రంథాలయంలో చదవకండి.

మీ శిష్యుడు,
ఉమామహేశ్వర్

*

చిరంజీవి ఉమామహేశ్వర్‌కు,

చదవవద్దన్న మాట చివరన వ్రాశావు. నిషేధాన్ని మొదటే చెప్పాలి. అప్పటికే అందరికీ వినిపించేశాను. దామోదర్ మరీ శ్రద్ధగా విన్నాడు. లారీలు విప్పించేది ఎప్పటినుంచో మళ్ళీ చదివించుకున్నాడు. మర్నాడే వచ్చి ఇంకో అరవై చీటీలు, త్వరగా కావాలన్నాడు. మాట ఇచ్చాను గనుక వ్రాసి ఇచ్చాను.

దామోదర్ కంపెనీలో పనికి పోయే సాలమ్మ మన వీధి మనిషే. నిన్న కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ వచ్చింది. “సారూ, గది పచ్చళ్ళ కంపెనీ గాదు. మామిడికాయ పైపైననే. అడుగున సిర్కా వాసన, కండ్లు మండుతున్నయి. నీ చీటీ జూపిస్తే పోలీసోళ్ళు గూడ సలాం గొడ్తరని నవ్వుకుంటున్నరు” అంది. సిర్కా అంటే వెనిగర్ అనీ, దానితోనూ పచ్చళ్ళు పెడతారనీ నేనే ఆమెకు వివరించాను. “సదువుకున్నోళ్ళు, మీకేం జెప్త” అని వెళ్ళిపోయింది.

ముప్పై రెండేళ్ళు చదువు చెప్పినవాణ్ణి, మనుషులను పోల్చుకోలేనా? నీ అనుమానం నాకు కష్టం కలిగించింది.

జనార్ధనరావు

*

మాస్టారికి,

నా చెయ్యి కాలింది. హవల్దార్ రామ్మోహనరావు చేత వ్రాయిస్తున్నాను.

మేము తనిఖీలు మొదలుపెట్టకముందే లారీ వచ్చింది. డ్రైవర్ మీ చీటీ చూపించాడు. భోజనశాల గోడ మీది చీటీలోని వ్రాతే గనుక కొమురెల్లి నవ్వుతూ ఎక్కి, రుచి చూద్దామని డబ్బా మూత లాగాడు. పైన నాలుగు వేళ్ళ మందాన పచ్చడి, దాని కింద సీలు వేసిన మరో డబ్బా. అదీ పచ్చడే అనుకొని పొడిచాడు. లోపలి ద్రవం మొహాన చిమ్మి అతనికి కళ్ళు పోయాయి; అతణ్ణి ఇవతలికి లాగుతుంటే నా చేతి మీదా పడింది.

అన్ని చీటీల మీదా నా పేరే ఉంది. నన్ను ఉద్యోగం నుంచి తప్పించి విచారణకు పెట్టారు. ఈ వ్రాత ఎవరిదని అడిగారు. తెలియదన్నాను. మీరు తెలియనట్టే ఉండండి. ఈ ఉత్తరం కాల్చేయండి.

ఉమామహేశ్వర్

*

నాచారం, హైదరాబాదు,
19 జూన్ 1994.

చిరంజీవి ఉమామహేశ్వర్‌కు,

నీ ఉత్తరం కాల్చలేదు. ఉప్పల్ గ్రంథాలయంలో, శాలువా బల్ల మీద పెట్టి, మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదివాను. దామోదర్ కుర్చీ ఖాళీ. అతని కంపెనీ షెడ్డూ ఖాళీ. ఆ ద్రవం ఘాటుకు ఊపిరాడక సాలమ్మ దవాఖానాలో ఉంది. “నా మాట గూడ రాయి సారూ, నేనే డబ్బాలల్ల నింపిన” అంది. ఆమె వేలిముద్ర ఈ కాగితం అడుగున ఉంది.

నాయనా, నువ్వు అబద్ధమాడావు. నా తరగతిలో దానికి సున్న. ఆ నూరు చీటీలూ నేను వ్రాశాను. నీకు తెలియకుండా వ్రాశాను. వద్దన్నాక కూడా వ్రాశాను. నీ లారీ తనిఖీల సంగతి దొంగ చెవిన వేసిందీ నేనే. ఈ వ్రాతను ఆ చీటీల పక్కన పెట్టి పోల్చుకోమను. రేపు ఉదయం పోలీస్ స్టేషన్లో ఇదే మాట చెప్పబోతున్నాను.

ఒక్క కోరిక. ఈ ఉత్తరాన్ని విచారణ జరిపే అధికారి చేతికిచ్చి ఊరుకోవద్దు. కొమురెల్లిని అక్కడ కూర్చోబెట్టి, అతనికి ప్రతి మాటా వినబడేలా, గట్టిగా చదివించు.

జనార్ధనరావు