అత్తయ్య మోకాళ్ళకి ఆముదం

ఏవండీ, ఫ్యాక్టరీలో నా షిఫ్ట్ మార్చారు, పొద్దున్నే వెళ్ళిపోతున్నాను. అత్తయ్య మోకాళ్ళకి ఇవాళ ఆముదం మీరే రాయండి. సీసా స్టవ్ పక్కన ఉంది. చిన్న గిన్నెలో పోసి గోరువెచ్చగా చేస్తే చాలు, కాగనివ్వకండి. రాశాక పాత తువ్వాలు చుట్టండి. లేకపోతే దుప్పటంతా జిడ్డవుతుంది, ఉతకాల్సింది మళ్ళీ నేనే.

నాలుగేళ్ళుగా రాస్తున్నది నేను. నిన్న అత్తయ్య పక్కింటావిడతో "మా అబ్బాయి చేతి చలవ, లేచి తిరుగుతున్నాను" అంటే మీరు కాదనలేదు. టీ తాగుతూ నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఎడమ మోకాలి దగ్గర మెల్లగా రాయండి. నొప్పెట్టినా ఆవిడ నోరు విప్పదు, మంచం పట్టెని గట్టిగా పట్టుకుంటుంది. ఆ చెయ్యి చూస్తూ రాయండి.