అడవి ఆముదానికి ఇరవయ్యొక్క రోజులు

ఇల్లందు దగ్గరి తండా,
జూన్ 12.

గౌరవనీయులైన చందూలాల్ సార్‌కు సరళ నమస్కారాలు.

మీ టిష్యూ కల్చర్ ల్యాబ్ నుంచి సీసాల్లో వచ్చిన వంద అడవి ఆముదం మొక్కలూ క్షేమంగా చేరాయి. ఫోన్ సిగ్నల్‌కు గుట్ట ఎక్కాలి గనుక ఈ ఉత్తరం బస్సు కండక్టర్‌తో పంపుతున్నాను. ట్రైనింగులో చెప్పినట్టే మొక్కల వేళ్లకంటిన జెల్లీ కడిగి, చిన్న కుండీల్లో నాటి, ప్లాస్టిక్ కవరు కప్పాను. ప్రతి మొక్కకూ నంబరిచ్చి నోటుబుక్కులో రాస్తున్నాను. నెలాఖరుకు ఎనభై బతికితే నర్సరీ మా మహిళా సంఘానికే ఇస్తామన్నారు. పన్నెండు మందికి ఊళ్లోనే పని దొరుకుతుంది. ఆ మాట మరవకండి.

ఇట్లు,
సరళ

తా.క.: "అప్పుడే పుట్టిన పిల్లల్లా చూసుకోండి" అన్నారు కదా. ఆ పని మా అత్త ద్వాలి తీసుకుంది. తండాలో సగం మందికి పురుడు పోసిన చెయ్యి ఆమెది.

ఖమ్మం,
జూన్ 18.

సరళ గారికి,

సంతోషం. మా ల్యాబ్‌లోనూ వెయ్యి మొక్కలు నాటాం. చూడటానికి రోజూ జనమే జనం! ఎల్లుండి మీ దగ్గరికి వస్తున్నాను.

భవదీయుడు,
చందూలాల్

తా.క.: ఇద్దరు ఆఫీసర్లు, ఒక ఫొటోగ్రాఫర్ కూడా వస్తారు.

తండా,
జూన్ 20.

చందూలాల్ సార్‌కు,

ఇవాళ మీరు గుమ్మం నుంచే వెనక్కి పోవడం నాకు తలవంపుగా ఉంది. మీరు వెళ్లాక కూడా అత్త తలుపుకు అడ్డంగా వేసిన మంచం మీంచి లేవలేదు.

"ఏంది గీ సారు! పురిటింట్లకు చెప్పులతోని వస్తడా? మళ్ల ముగ్గురిని ఎంటేసుకొచ్చిండు. ఇరవయ్యొక్క దినాలు కానీ, అప్పుడు చూడొచ్చు" అంది.

"అత్తా, గవి మొక్కలే" అన్నాను.

"పిల్లలని సారే అన్నడు. నేనన్ననా?"

స్నానం చేసి, కాళ్లు కడుక్కుంటేగానీ నన్నయినా లోపలికి పోనివ్వదు. మొక్కలు బాగున్నాయి. 14, 41, 66 నంబర్లు మాత్రం పోయాయి.

ఇట్లు,
సరళ

తా.క.: మీ ఫొటోగ్రాఫర్ తుమ్మినచోట అత్త రెండుసార్లు పసుపునీళ్లు చల్లింది.

ఖమ్మం,
జూన్ 24.

సరళ గారికి,

నాకు సంగతి అర్థమైంది. మొక్కలన్నీ చచ్చిపోయాయి, దాచడానికే మంచం అడ్డం వేశారు. ఇవి ఎంత సులువుగా పోతాయో ఈ వారం నాకు బాగా తెలిసింది. జూన్ 30న లెక్క చూపించకపోతే నర్సరీ ముదిగొండ సంఘానికి పోతుంది.

చందూలాల్

తా.క.: నోటుబుక్కు చూపిస్తే చాలదు.

తండా,
జూన్ 27.

చందూలాల్ సార్‌కు,

మూడు రోజులు బతిమాలితే అత్త దిగొచ్చింది. ఇరవయ్యొక్క రోజులు నిండకముందే మీకు తలుపు తీస్తుంది. ఒంటరిగా రావాలి. మా బోరింగు దగ్గర స్నానం చేయాలి. మా ఆయన రామ్‌చందర్‌ది ఉతికిన లుంగీ ఇస్తాం, అది కట్టుకోవాలి. పన్నెండు మంది పని మీ స్నానం మీద ఆధారపడి ఉంది. కాదనకండి.

ఇట్లు,
సరళ

తా.క.: లుంగీకి సైజు ఉండదు, భయపడకండి.

ఖమ్మం,
జూలై 1.

సరళ గారికి నమస్కారాలు.

నిన్న తడి తలతో, లుంగీతో మీ గదిలో తొంభై ఏడు మొక్కలూ రెండుసార్లు లెక్కపెట్టాను. మీ అత్తగారి ముందు చెప్పలేనిది ఇలా రాస్తున్నాను. మా ల్యాబ్‌లోని వెయ్యి మొక్కలూ బూజు పట్టి పోయాయి. చూడవచ్చిన ప్రతివాడూ చెప్పులతో వచ్చి, కవరెత్తి, మొక్కను ముట్టుకుని పోయాడు. మావే పోతే మీవెలా ఉంటాయని మిమ్మల్ని అనుమానించాను. మన్నించండి.

నర్సరీ మీ సంఘానిదే. కొత్త సీసాలు మొదలుపెట్టడానికి మా దగ్గర ఒక్క చిగురు కూడా లేదు. మీ మొక్కల నుంచి కొన్ని ఇప్పించండి. ఇరవయ్యొక్క రోజులు నిండాకే. లుంగీ ఉతికించి ఇదే బస్సులో పంపుతున్నాను.

మీ చందూలాల్

తా.క.: ల్యాబ్ తలుపుకు అడ్డంగా మంచం వేయించాను. అందరూ దాన్ని దాటుకునే లోపలికి వస్తున్నారు. దాని మీద కూర్చోవడానికి ద్వాలమ్మ గారు ఎప్పుడు రాగలరో కనుక్కుని చెప్పండి.