మిహిర అన్నం తినే ఫోటో

2008 సెప్టెంబర్ 28, ఆదివారం

గేమ్ ఫోరమ్‌లో కాస్‌ప్లే కాంటెస్ట్ పెట్టారు. గేమ్‌లో నచ్చిన పాత్రలా వేషం వేసుకుని, బయట ఎక్కడైనా ఫోటో దిగి పంపాలి. కత్తి దూయడాలు, కేకలు పెట్టడాలు వద్దట. థీమ్, యుద్ధం లేని రోజు.

నేను గేమ్‌లోని మిహిరనే అవుతాను. ఇంకెవరవుతాను? మేడ్చల్ ఇంటర్నెట్ సెంటర్లో అన్నయ్యా నేనూ ఆడింది ఆవిడతోనే. ఒకే సిస్టమ్, ఒకే కుర్చీ, చెరిసగం. గేమ్ లోడ్ అవుతున్నప్పుడల్లా అన్నయ్య అడిగేవాడు, పగలూ రాత్రీ కోటకి కాపలా కాస్తుంది కదా, ఈవిడ అన్నం ఎప్పుడు తింటుందే అని. ప్రతిసారీ అదే జోకు. ప్రతిసారీ నవ్వేదాన్ని.

వాడు ఇల్లు వదిలి రెండేళ్ల రెండు నెలలు. ఫోన్ నంబర్ మార్చేశాడు. ఫోరమ్‌లో వాడి ఐడీ కూడా మూగబోయింది. కానీ ఫోరమ్ చూడకుండా ఉండగలడా? ఉండలేడు. నాకు తెలుసు.

ప్రైజ్ ఎవరికి కావాలి. వాడు చూడాలి.

సెప్టెంబర్ 30

ఇక్కడ కాకపోతే నిజం ఎక్కడ రాస్తాను. ఆ రోజు గొడవ పెద్దదేం కాదు. ఇంజినీరింగ్‌లో వాడికి నాలుగు సబ్జెక్టులు మిగిలాయి. మధ్యాహ్నం పప్పన్నం కలుపుకుంటున్నాడు. నా సంపాదన తింటూ కూర్చోడానికి సిగ్గులేదా అన్నారు నాన్న. అన్నయ్య లేచాడు. ఎంగిలి చేత్తోనే చెప్పులేసుకున్నాడు.

నేను నా కంచంలోకి చూస్తూ ఉండిపోయాను. చేయి కడుక్కోరా అన్నా ఆగేవాడేమో.

అమ్మ ఇప్పటికీ నలుగురికే వండుతుంది. మిగిలింది పొద్దున్నే తాలింపు పెట్టి నా బాక్సులో సర్దుతుంది. రెండేళ్లుగా నేను వాడి వాటా తింటున్నాను.

అక్టోబర్ 4

కవచం రెడీ. నేను పనిచేసే గోడౌన్‌లో పారేసిన ప్యాకింగ్ ఫోమ్, గుండ్లపోచంపల్లి కార్ పెయింటర్ దగ్గర మిగిలిన గోల్డ్ కలర్. గమ్‌బూట్లకి కూడా అదే రంగు. ఇరవై మూడేళ్లొచ్చాక ఇదేం వేషమే అన్నారు నాన్న. అన్నయ్య ఆడే ఆట అన్నాను. పేపర్ అడ్డం పెట్టుకున్నారు. అరగంట పేజీ తిప్పలేదు.

అక్టోబర్ 5

వాన. షూట్ క్యాన్సిల్.

అక్టోబర్ 12, ఆదివారం, సాయంత్రం 6

ఒళ్లంతా చేపల వాసన. స్నానం తర్వాత, ముందు రాయాలి.

శామీర్‌పేట చెరువు దగ్గర తీశాం. కెమెరా నా ఫ్రెండ్ సాయిప్రియది. తుర్కపల్లిలో ల్యాబ్ ఉద్యోగం, మైక్రోస్కోప్ తప్ప ఇంకేదీ సరిగ్గా ఫోకస్ చేయలేనని ముందే చెప్పింది. బట్టలుతికే మిహిర, జడ వేసుకునే మిహిర అయిపోయాయి. ఇక నాక్కావలసింది అన్నం తినే మిహిర. కవచం మీద మరక పడుతుందని బాక్సు ఖాళీగా తెచ్చాను. గాలి కలిపి, గాలి ముద్దలు చేసి తిన్నాను. ఫోటోలో చూస్తే పన్ను నొప్పి వచ్చినదానిలా ఉన్నాను.

కొంచెం వెనక్కి జరగమంది సాయి. జరిగాను. గట్టున ఆరేసిన వల మీంచి, బూట్లతో.

ఆ వల రామయ్యదట, అరుస్తూ పరుగెత్తుకొచ్చాడు. బూట్లేసుకొని వల దాటుతరా, ఇగ ఒక్క చేప పడ్తదా అని. సారీ సారీ అంటూ ఇవతలికి రావడానికి మళ్లీ ఆ వల మీంచే దాటాను. ఇంత తెలివి నాకే ఉంటుంది.

అప్పుడొచ్చింది ఆయన భార్య శివమ్మ. ముందుగాల గా బూట్లిడువు అంది. విప్పాను. విగ్గు కూడా. వల నా చేతే చెరువులో జాడింపించి, పసుపు నీళ్లు చల్లించి, దండం పెట్టించింది. జేసింది జేసి ఊకెనే పోతవా, కూసో అని తెగిన చోట్లు చూపించి ముడులు వేయించింది. గంటన్నరలో ఏడు వేశాను. అందులో నాలుగు విప్పి మళ్లీ తనే వేసింది.

ఎండ నెత్తికెక్కింది. శివమ్మ సద్ది మూట విప్పింది. నాకొద్దన్నాను. పొద్దుగాల్నించి గా డబ్బల గాలి మస్తు తిన్నవు గని, జర బువ్వ తిను బిడ్డా అంది. సిల్వర్ పళ్లెంలో అన్నం, చేపల పులుసు. సగంలో ఉండగా ఫోన్ మోగింది. లేవబోయాను. భుజం పట్టి కూర్చోబెట్టింది. బువ్వ ముందటికెల్లి లేస్తరా, ఎవలన్న తరుముతున్నరా అంది.

ఏడుపొచ్చేసింది. కారం అని చెప్పాను. నమ్మలేదు, ఇంకో ముక్క వేసింది. ఎప్పుడు తీసిందో, సాయి ఆ ఫోటో తీసింది.

ఆ రోజు అన్నయ్య భుజం పట్టుకోడానికి మా ఇంట్లో ఆరు చేతులున్నాయి. ఒక్కటీ లేవలేదు.

అక్టోబర్ 13

విగ్గు లేదు, కత్తి లేదు, ముక్కు ఎర్రగా ఉంది, ఇది మిహిరే కాదంది సాయి. తెలియాల్సినవాడికి తెలుస్తుందన్నాను. పంపేశాను. కోటరాణి అనే ఐడీతో.

అక్టోబర్ 16

చూసినవాళ్లు 212. కామెంట్లు పదకొండు. వాడిది లేదు.

అక్టోబర్ 19

ప్రైజ్ రాలేదు. థీమ్‌కి దగ్గరగా ఉందట, పాత్రకి దూరంగా ఉందట. పోనీ. కానీ రోజుకి నాలుగుసార్లు ఆ పేజీ తెరుస్తున్నాను. ఆఫీసులో, సెంటర్లో, సాయి వాళ్లింట్లో. వాడి మీద కోపం రావడం కూడా మానేసింది. కనిపిస్తే చాలు. తిట్టినా చాలు.

అక్టోబర్ 24

వాడి నవ్వు గుర్తుతెచ్చుకోబోయాను. ముఖం వచ్చింది, శబ్దం రాలేదు. భయమేసింది.

నవంబర్ 2, ఆదివారం, మధ్యాహ్నం

కామెంట్ పన్నెండు. కొత్త ఐడీ. ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు. మొత్తానికి అన్నం తిందన్నమాట, ఎందుకేడ్చావే అనూ, అని.

ఫోరమ్‌లో నా పేరు ఎవరికీ తెలియదు.

ప్రింట్ తీయించుకుని ఇంటికి పరుగెత్తాను. భోజనానికి కూర్చున్నారు. అమ్మ చదివి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాగితం నాన్న కంచం పక్కన పెట్టాను. ఏం జవాబు రాయమంటారని అడిగాను. చేతిలో ముద్ద కంచంలో పెట్టేశారు.

అన్నం ఉందని రాయమన్నారు.