కొంగు మీద మరక

ఉధ్నా, సూరత్
శ్రావణ శుక్రవారం, 2020

చెల్లె వెంకటవ్వకు,

అక్క దీవెనలు. ఫోనులో నీకు సరిగ్గా వినబడదు. నేను అరవలేను, అరిస్తే పక్క గదిలోవాళ్లు వింటారు. అందుకే ఈ ఉత్తరం.

ఆ గదిలో ఉన్నది మన చిన్న చెల్లె నీరజ, నా బిడ్డ వర్షిణి. నీరజ పనిచేసే చీరల షోరూం కరోనాకు మూతబడ్డ సంగతి నీకు తెలుసు. ఇప్పుడు ఖరీదైన పెళ్లి చీరలు ఆన్‌లైన్‌లో అమ్ముతుందట. ఆ దుకాణం తెర మీద ఎలా కనబడాలో వర్షిణి కంప్యూటర్లో తయారు చేస్తున్నది. అమ్రోలిలో నీరజకు ఉన్నది ఒకటే గది కదా, చీరలన్నీ మా ముందు గదిలో పెట్టింది. రోజు విడిచి రోజు తాపీ నది దాటి వస్తుంది.

మీ బావ చూసి, "దుకాణం అంటుండ్రు, షట్టరే లేకపాయె. తాళం యాడ ఏస్తరు?" అన్నాడు.

నేనూ తొంగి చూశాను. తెరంతా తెలుపు, నడుమ ఒకే చీర.

"గింత ఖాళీ ఏంది? ఇంకో నాలుగు పెట్టరాదు?" అన్నాను.

"అమ్మా, గట్ల కుప్ప పోస్తే సస్తా మాల్ అనుకుంటరు. ఖరీదు చీర ఒక్కటే ఉండాలె," అన్నది వర్షిణి, నా దిక్కు చూడకుండానే. ఆ వెంటనే, "చిన్నమ్మా, జరీ మెరుపు జర తగ్గించాల్నా?" అని అడిగింది. నీరజ తగ్గించమన్నది. తగ్గించింది.

నేను చాయ్ పట్టుకొని గడపలో నిలబడితే ఇద్దరూ మాట ఆపేస్తారు. వెనక్కి తిరగగానే నవ్వు వినబడుతుంది. నా బిడ్డ అంతగా నవ్వడం నా వంటింట్లో నేనెన్నడూ వినలేదు.

అమ్మ పోయేనాటికి నీరజకు పాలపళ్లు కూడా ఊడలేదు. దాని తల దువ్వి జడ వేసింది నేను. మొన్న చూస్తే అది నా బిడ్డ తలకు నూనె రాస్తున్నది. ఇద్దరి కళ్లూ తెర మీదే. వర్షిణి నన్ను తలకు చెయ్యి పెట్టనిచ్చి ఎన్నేళ్లయిందో.

దీపం ముందు కూర్చుంటే నామం నోట్లో ఉంటున్నది, చెవి పక్క గదిలో ఉంటున్నది. నాకు కడుపు మండుతున్నది, చెల్లె. ఈ మాట దేవునికి కూడా చెప్పుకోలేదు.

దసరా దాటగానే చీరలు తీసుకుపొమ్మని నీరజకు చెబుతాను. ఇక్కడి నుంచి చీరలు పోతే ఆ దుకాణం నడవదని తెలుసు. తెలిసే చెబుతాను. నువ్వు నన్ను ఆపకు.

నీ అక్క,
భూదేవి

---

ఉధ్నా
దసరా వెళ్లిన బుధవారం

చెల్లెకు,

ఓర్చుకొమ్మని రాశావు. ఓర్చుకున్నాను. ఇది చదివి చెప్పు, ఎంతవరకు ఓర్చుకోవాలో.

బొంబాయి పెళ్లివారు ఒకరు నలభై వేల చీర కొన్నారు. దుకాణానికి అదే మొదటి బేరం. డబ్బా కట్టేముందు వాళ్లిద్దరూ అన్నానికి లేచారు. మన ఇంట్లో కొత్త బట్టకు పసుపు పెట్టకుండా ఎవరైనా కట్టారా? ఎవరికైనా ఇచ్చామా? నా చెయ్యి ఆగలేదు. చీర లోపలి అంచుకు ఉంగరపు వేలితో చుక్క పెట్టాను. కుళ్లుతో పెట్టలేదు. కట్టుకునే పిల్ల చల్లగా ఉండాలనే పెట్టాను.

చీర తిరిగి వచ్చింది. "పసుపు మరక చీర పంపారు" అని ఆ పెళ్లికూతురు దుకాణం పేజీలోనే అందరికీ కనబడేటట్టు రాసింది. ఇంకో ఇద్దరు కొంటామన్నవాళ్లు వెనక్కి తగ్గారు.

"పసుపు ఎవలు పెట్టిండ్రు?" అని వర్షిణి అడిగింది. నేను చాయ్ గిన్నె అందుకున్నాను. అంతలో నీరజ తల వంచుకొని, "నేనే పెట్టిన. కొత్త చీర గదా, చెయ్యి ఊకుండలే," అన్నది.

"చిన్నమ్మా, నువ్వు దుకాణం పెట్టినవా, పేరంటం పెట్టినవా?" వర్షిణి దాని మీద గొంతు లేపడం అదే మొదలు. ఒక్క క్షణం నా కడుపు చల్లబడ్డది. నిజం చెబుతున్నాను.

తర్వాత మళ్లీ మంట. నా తప్పు అది తన మీద వేసుకున్నది. ఇంట్లో పెద్దదాన్ని నేను. కాయడం, కడుపులో పెట్టుకోవడం నా వంతు. అది కూడా నీరజ తీసుకున్నది. మంచితనంలో కూడా దానిదే పైచేయి అయితే నాకు ఇంకేం మిగిలింది?

సాయంత్రం నీరజ అన్నది, "అక్కా, నా తోటి నీకు పరేశాన్. ఆదివారం టెంపో తెచ్చి సామాను అమ్రోలికి తీస్కపోత." నేను అడగాలనుకున్నది అడగకుండానే దొరికింది. గదిలోంచి వర్షిణి గొంతు వచ్చింది. "చిన్నమ్మ ఒక్కతే ఎట్ల చేస్తది? నేను గూడ పోత, అమ్మా."

బట్టలు సర్దుకుంటున్నది. రేపటి నుంచి దేవుణ్ణి ఏమని అడగాలో తెలియడం లేదు.

భూదేవి

---

ఉధ్నా
సోమవారం

వెంకటవ్వా,

నిన్న టెంపో వచ్చింది, ఖాళీగా పోయింది. ఎట్లనో చెబుతాను.

తిరిగొచ్చిన చీర డబ్బాను కరోనా భయానికి ఎవరూ తెరవలేదు. బాల్కనీలో ఎండకు పెట్టారు. మూటలో కట్టడానికి నేను విప్పాను. మరక కొంగు మీద ఉన్నది, బొటనవేలంత. నేను కొంగుకు పెట్టలేదే అనుకుంటూ లోపలి అంచు తిరగేశాను. నా చుక్క అక్కడే ఉన్నది. దాన్ని ఎవరూ చూడనే లేదు.

"నీరజా, ఇటు రా. కొంగుకు ఇదేంది?"

"నేనే పెట్టిన్నని చెప్పిన గదనే అక్కా."

"మరి ఇది?"

వంగి చూసింది. "ఇదెవలు పెట్టిండ్రు?"

"నేను."

మాస్కు కిందికి గుంజి నా మొహం చూసింది. "నువ్వు గూడనా?"

అది నన్ను కాపాడలేదు, చెల్లె. ఉన్న మాటే చెప్పింది. ఇన్ని రోజులు నేను దాని మంచితనం మీద కుళ్లుకున్నాను, అక్కడ మంచితనమే లేదు. నాకు నవ్వొచ్చింది. అదీ నవ్వింది. వర్షిణి వచ్చి రెండు చుక్కలూ చూసి నెత్తి పట్టుకున్నది. "మీ ఇద్దర్ని పసుపు డబ్బాకు ఆమడ దూరం ఉంచాలె," అని టెంపో అతనికి ఇంకాస్త ఆగమని చెప్పడానికి కిందికి పోయింది.

అప్పుడు చెప్పాను. "దసరా దాటినంక సామాను తీస్కపొమ్మందామనుకున్న. నువ్వొస్తే నా బిడ్డ నవ్వుతది. నేను ఓర్వలేకపోయిన."

నీరజ చీర మడతలు సరిచేసింది. "నాకు ఆ కుళ్లు లేదనుకున్నవా అక్కా? ఎంత నవ్వినా నన్ను చిన్నమ్మా అనే అంటది. పొద్దుగూకితే నేను బస్సెక్కుడే. అది నీ దగ్గర్నే పంటది."

దానికి పిల్లల్లేరని నాకు తెలియదా? తెలిసీ ఆ దిక్కు నుంచి ఎన్నడూ చూడలేదు.

టెంపోను పంపించాను. సరుకు ఇక్కడే ఉంటుంది, వర్షిణి కూడా. నాకు ఒక పని చెప్పమని నీరజనే అడిగాను. పెద్దదాన్ని దాన్ని పని అడగడం ఇదే మొదటిసారి. డబ్బా కట్టేముందు ప్రతి చీరా వెలుతురులో విప్పి మరకలు చూడమన్నది. చూస్తాను. పక్క గదిలో నవ్వు వినబడితే ఇప్పటికీ చెయ్యి ఆగుతున్నది. అది ఒక్కనాటితో పోయేది కాదు.

ఆ చీర ఇక అమ్మకానికి పనికిరాదు. నువ్వు కట్టుకో అని నీరజ నాకిచ్చింది, నువ్వే కట్టుకో అని నేను దానికిచ్చాను. తెగలేదు. ఈ ఉత్తరంతో పాటు నీకు పంపుతున్నాం. కొంగు మీది మరక నీరజది, లోపలిది నాది. రెండూ ఉతక్కుండానే కట్టుకో.

మీ అక్క,
భూదేవి