విప్పి కట్టిన ఇంజన్, కట్టు తప్పిన కాలు

3, సోమవారం
మా బేకరీ వ్యాను ఇంటికొచ్చేసింది! కొత్త ఇంజన్ వేయిద్దామని ఆయన, ఉన్నదాన్నే విప్పి కట్టిద్దామని నేను. వారమంతా ఇంట్లో రెండు పార్టీలు. గెలిచింది నేనే. బాడీ రాయిలా ఉంది, గేర్లు వెన్నలా పడతాయి. పాపం, ఇంజన్ ఒక్కటే అలిసిపోయింది. మెకానిక్ సిలిండర్లు చెక్కించి, పిస్టన్లు, రింగులు మార్చి బిగించాడు. స్టార్ట్ చేస్తే పిల్లి గురకలా ఉంది.

తాళం ఇస్తూ ఒక్క మాటే చెప్పాడు. "నెల్రోజులు స్పీడు యాభై దాటొద్దమ్మా. లోపల కొత్త సామాను ఒకదానికొకటి అలవాటు పడాలి. తొందరపెట్టారో, మళ్ళీ నా దగ్గరికే."

"నెలేం ఖర్మ, రెండు నెలలు పోతాను" అన్నాను.

ఇదిగో, రాసుకుంటున్నాను. యాభై దాటను. దాటను గాక దాటను!

4, మంగళవారం
నలభై అయిదు! పొద్దున్నే దుకాణాలన్నిటికీ రొట్టెలు వేసొచ్చాను. నిదానంగా వెళితే ఎన్ని కనిపిస్తాయో. వంతెన పక్కన గొడుగుల దుకాణం ఉందని ఇన్నేళ్ళకి ఇవాళ తెలిసింది.

సాయంత్రం మరిది వచ్చాడు. కారు కొన్నప్పటి నుంచి కాళ్ళు నేల మీద పెట్టడం మానేశాడు. "వదినా, నీది పునర్జన్మ ఇంజనటగా! పూర్వజన్మ గుర్తొచ్చి దారిలో ఆగిపోదు కదా?"

నవ్వి ఊరుకున్నాను. ఓర్పు కూడా తీర్మానంలో భాగమే.

6, గురువారం
ఒక సైకిలాయన నన్ను దాటిపోయాడు. అక్కడ దిగుడు. లెక్కలోకి రాదు.

దాటుతూ "పంక్చరా అమ్మా?" అన్నాడు. అదీ జాలిగా!

హోటలాయన రొట్టెలు చల్లారిపోయాయని సణిగాడు. చల్లారితే ముక్కలు చక్కగా తెగుతాయని చెప్పాను.

9, ఆదివారం
యాభై రెండు. వెనక నుంచి గాలి తోసింది.

చెల్లికి నెలలు నిండుతున్నాయి. వాళ్ళాయనకి ఓడ మీద ఉద్యోగం, అందుకని మా దగ్గరే ఉంది. బండిలో ఆసుపత్రికి తీసుకెళ్ళి చూపించుకొచ్చాను. "అక్కా, మనం చేరేసరికి పుట్టేస్తుందేమో" అని వేళాకోళం.

11, మంగళవారం
బాగా ఆలోచించాను. యాభై అంటే సగటున యాభై అనే కదా! సిగ్నల్ దగ్గర నిలబడ్డప్పుడు సున్నా. ఆ సున్నాలన్నీ కలుపుకుంటే మధ్యమధ్య డెబ్బై పోయినా తప్పులేదు.

ఆయనకి చెప్పాను. పేపరు దించి నన్ను చూసి, మళ్ళీ పేపరు ఎత్తుకున్నారు.

13, గురువారం
తప్పంతా మరిదిదే. వంతెన మీద పక్కకొచ్చి, అద్దం దించి, "తప్పుకో వదినా, కొత్తవాళ్ళని పోనీ!" అన్నాడు.

రాయడానికి చెయ్యి రావడం లేదు. ఎనభై అయిదు.

మరిది మొహం చూడాలి! వెనక ట్రేలు కూడా చూడాల్సింది. రొట్టెలన్నీ ఒక మూలకి చేరి కావిలించుకున్నాయి. "ఇవి రొట్టెలా, దిళ్ళా?" అన్నాడు దుకాణదారు.

బానెట్ దగ్గర ఏదో మాడు వాసన. ఆయనకి చెప్పలేదు.

15, శనివారం
పొద్దున రొట్టెలు ఎక్కించి బయల్దేరబోతుంటే చెల్లి గుమ్మం పట్టుకుని నిలబడింది. "అక్కా, నొప్పులు." మరిదికి ఫోన్ చేస్తే కారు సర్వీసుకి ఇచ్చాడట! చెల్లిని నా పక్కన కూర్చోబెట్టాను. ఆయన వెనక, ట్రేల మధ్య.

యాభై దగ్గరికి రాగానే కాలు దానంతటదే ఆగింది. చెల్లి పళ్ళు బిగబట్టి, "నీ ఇంజన్ అలవాటు పడేదాకా నా బిడ్డ ఆగదే!" అంది.

తొక్కాను. డెబ్బై, ఎనభై, తొంభై. ఆగిపోతే? కొత్తదే వేయించి ఉంటే? నా మొండితనానికి చెల్లి నడిరోడ్డు మీద... వంతెన ఎక్కుతుంటే ఇంజన్ ఒక్కసారి గుర్రుమంది. "బాబ్బాబు, ఇవాళ్టికి పోనీ" అని బతిమాలాను.

పోయింది! ఆసుపత్రి మెట్ల దాకా ఒక్క ఊపున పోయింది!

మేం కుర్చీల్లో సర్దుకునే లోపే ఆడపిల్ల. ఆయన చొక్కా నిండా రొట్టె పొడితో నర్సులందరికీ రొట్టెలు పంచిపెట్టారు.

17, సోమవారం
మెకానిక్‌కి జరిగిందంతా చెప్పాను, సైకిలాయన సంగతి తప్ప. అతను బానెట్ ఎత్తి, ఇంజన్ దగ్గర చెవి పెట్టి విన్నాడు. ఆయిల్ పుల్ల తీసి చూశాడు.

"బతికిపోయింది. కొత్తింజనైనా ఇట్లా తొక్కితే అంతేనమ్మా. ఆయిల్ మారుస్తాను. నెల మళ్ళీ మొదట్నుంచి."

"మొదట్నుంచా?"

"మొదట్నుంచే."

18, మంగళవారం
తీర్మానం కొత్తగా మొదలు. యాభై దాటను!

చెల్లినీ పాపనీ ఇంటికి తెచ్చే రోజు. మరిది కారు కడిగించి, తలుపు తీసి పట్టుకుని నిలబడ్డాడు. చెల్లి అటు చూడనైనా చూడకుండా వచ్చి నా వ్యాన్ ఎక్కింది. ముప్పై అయిదులో బయల్దేరాను. పాప నిద్రపోయింది.

"అక్కా, కొంచెం నెమ్మదిగా."

ముప్పై.

"ఇంకొంచెం."

"ఇంతకంటే నెమ్మదంటే దిగి తొయ్యాలే!"

వెనకే మరిది కారు. హారన్ కొడితే పాప లేస్తుందని భయం, దాటిపోదామంటే మొహమాటం. ఇంటిదాకా అలాగే వచ్చాడు.