నీ పేరున ఉన్న ఇల్లు

నాన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి మూడు నెలలు. ఈ మునిసిపాలిటీ ఇల్లు ఇంకా నీ పేరునే ఉంది. అద్దెకున్న మనిషి చనిపోతే ఇల్లు మరో కుటుంబానికి ఇచ్చేస్తారట. అందుకే ఆఫీసులో చెప్పలేదు.

పొద్దున ఓవర్సియరుగారు తనిఖీకి వచ్చారు. ఆయన గొంతు వినగానే అమ్మ లోపలికి పరుగెత్తి, మళ్ళీ కుంకుమబొట్టు పెట్టుకుని వచ్చింది.

"మీ ఆయనేరమ్మా?"

"గణపవరం కోతలకెళ్ళారండీ."

పక్కింటి బీబమ్మత్త అందుకుంది. "ఆయన ఇంటిపట్టున ఉంటే కదండీ! మీరన్నా గడ్డి పెట్టండి."

ఓవర్సియరుగారు నవ్వారు. "సోమవారం మళ్ళీ వస్తాను, ఉండమను. వేలిముద్ర కావాలి."

ఆయన వెళ్ళగానే, ఇల్లు అమ్మ పేరున మార్చమని దరఖాస్తు రాయడానికి కూర్చున్నాను. బడిలో రోజూ కొత్త మాటలు నేర్చుకుంటున్నాను నాన్నా, ఎంత బావుంటాయో! కానీ దరఖాస్తులో మొదటి వాక్యంలోనే నువ్వు చనిపోయావని రాయాలి. రాస్తే ఇల్లు పోతుందేమో. రాయకపోతే సోమవారం ఎవరి వేలు చూపిస్తాం?

అమ్మ అద్దం ముందు నిలబడి మెల్లగా అడిగింది. "సోమవారం దాకా ఈ బొట్టు ఉంచుకోనా?"

ఆమె వంక చూడకుండా, ఉంచుకోమన్నాను.