కోసేసిన ఫైటు

అయ్యా,

ధర్మవరంలోని మీ టాకీసులో ఆడవాళ్ళ గేటు దగ్గర టికెట్లు చించేది నేనే. ఇప్పుడాడుతున్న డబ్బింగు సినిమాలో, గాల్లో ఎగిరే హీరోను శత్రువులు కట్టేస్తే విడిపించేది ఒక ఆడమనిషి. ఆట తొందరగా ముగియాలని ఆపరేటరు రీలులోంచి ఆమె ఫైటు కోసేశాడు.

కనగానపల్లి నుంచి కూలి ఆడవాళ్ళతో వచ్చిన లింగమ్మ నన్ను నిలదీసింది.

"పోస్టర్లో ఆయమ్మ కొడతాండాది. లోపల ఆ ఫైటు యాడికి పాయ?"

ఆటాటకూ ఇదే ప్రశ్న. ఆపరేటరును అడిగితే, "ఆడోళ్ళ ఫైటు ఎవురు చూస్తారమ్మా?" అన్నాడు.

నిన్న మ్యాట్నీకి ఆ ముక్క అతికించేదాకా నేను గేటు తీయలేదు. చివరికి అతికించాడు. ఆడవాళ్ళ బెంచీల్లో ఈలలు వినడం నాకదే మొదలు.

నన్ను పనిలోంచి తీసేస్తారని మేనేజరు అంటున్నాడు. ఎలాగూ నాకు కాళ్ళ నొప్పులు, తీసేయండి. ఫైటు మాత్రం ఉంచండి.

ఇట్లు,
మీ గేటు మనిషి